లియోన్‌లో మూడు వారాలు: మాంసం తినని కర్నూలు దంపతులం, అక్కడి సంతల్లో ఏమి తినవచ్చు?

కర్నూలు టీచరు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది కర్నూలు. 31 ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి నిరుడు పదవీ విరమణ చేశాను. మా అమ్మాయి ఫ్రాన్సులోని లియోన్‌లో చదువుతోంది. సెప్టెంబరు మొదటి వారంలో నేనూ మావారూ బయలుదేరి మూడు వారాలు తన దగ్గర ఉంటాం. చిన్న వంటగది ఉన్న గది తీసుకుంది.

టికెట్లు కొన్నామని తెలిసిన రోజు నుంచి బంధువులందరిదీ ఒకటే మాట: కుక్కరు పట్టుకెళ్లండి, పది కిలోల బియ్యం పట్టుకెళ్లండి, అక్కడ మీరు తినేది ఏమీ దొరకదు. నాకు అలా వెళ్లాలని లేదు. ఒక ఊరి సంగతి తెలియాలంటే ముందు ఆ ఊరి సంతకు వెళ్లండని తరగతిలో ఎన్నోసార్లు చెప్పిన మనిషిని. ఇక్కడ సి.క్యాంపు రైతుబజారుకు వెళ్లని ఆదివారం నాకు లేదు. అంత దూరం వెళ్లి గదిలో కూర్చుని చింతపండు పులుసు పెట్టుకోవడానికి మనసు ఒప్పడం లేదు.

మాంసం, చేప తినం. కేకులో గుడ్డు ఉంటే ఫరవాలేదు. పాలు, పెరుగు ఇష్టం. మావారికి రాత్రిపూట జొన్నరొట్టె, పక్కన కారం ఉండాలి. ఆయనకు చరిత్ర పుస్తకాలంటే ప్రాణం. 1751లో ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం కర్నూలు కోట మీద పడిన సంగతి తేదీలతో చెబుతారు గాని, ఫ్రెంచివాళ్లు ఏమి తింటారో మా ఇద్దరికీ తెలియదు. అక్కడ ఉండి వచ్చినవాళ్లు చెప్పండి. ఏ సంతకు వెళ్లాలి, ఏమి అడగాలి, ఎలా అడగాలి?

ఆదోని నుంచి ఒక సమాధానం:

టీచరుగారూ, మీ ఉత్సాహం బాగుంది గాని కుక్కరు మాత్రం తీసుకెళ్లండి. కంపెనీ పని మీద నేను రెండు వారాలు ఫ్రాన్సులో ఉన్నాను. సలాడు అడిగితే అందులో పందిమాంసం ముక్కలు. సూపులో ఏముందో చెప్పగలిగినవాళ్లు లేరు. ఒకరోజు పని ముగిసేసరికి మధ్యాహ్నం 2:45 అయింది. మూడు హోటళ్లు తిరిగాను. అన్నిచోట్లా వంటగది మూసేశామన్నారు, మళ్లీ రాత్రి 7 గంటలకే అన్నారు. ఆ రోజు రొట్టె, అరటిపండు తిని పడుకున్నాను. మీ వయసులో ఆకలితో ఊరు తిరగడం మంచిది కాదు.

ధర్మవరం మగ్గం సమాధానం:

ఆదోని మిత్రుడు చెప్పిన వేళల సంగతి నూటికి నూరుపాళ్లు నిజం, అది ముందు గుర్తుపెట్టుకోండి. మధ్యాహ్న భోజనం 12 నుంచి 2 వరకే. ఒంటిగంటకల్లా కూర్చోవాలి. మిగతా విషయంలో ఆయనతో ఏకీభవించలేను. టీచరుగారూ, మీరు వెళ్తున్న ఊరు నా మనసుకు చాలా దగ్గరిది కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

మాది ధర్మవరంలో నేత కుటుంబం. 2016 నుంచి మూడేళ్లు వస్త్రాల పని మీదే లియోన్‌లో ఉన్నాను. మొదటి నెలంతా మీ బంధువులు చెప్పినట్టే బతికాను: అన్నం, పప్పు, గది. ఒక ఆదివారం పొద్దున క్రువా రూస్ అనే గుట్ట ఎక్కాను. అక్కడి పాత ఇళ్లను చూసి ఆగిపోయాను. గది కప్పు దాదాపు 4 మీటర్ల ఎత్తు, కిటికీలు కూడా అంతే పొడుగు. ఎందుకని అడిగితే, మగ్గం పట్టాలి కదా అన్నారు. పట్టు నేసేవాళ్లు ఇంట్లోనే మగ్గం పెట్టుకుని, అదే గదిలో కాపురం ఉన్న పేట అది. వాళ్లను అక్కడ కాన్యూలు అంటారు. 1831లో కూలి రేటు కోసం తిరగబడ్డది వీళ్లే. 1804లో కొత్తరకం మగ్గం తెచ్చిన జోసెఫ్ మరీ జకార్డ్ పుట్టింది కూడా లియోన్‌లోనే. మా నాన్న రోజుకు వందసార్లు ‘జకార్డు’ అంటారు. చీర అంచులో నెమలి దిగాలన్నా, మామిడిపిందె దిగాలన్నా చిల్లులు పొడిచిన అట్టముక్కలతో నడిచే ఆ జకార్డే దిక్కు. అది ఒక మనిషి పేరని ఆయనకు గాని నాకు గాని అంతవరకు తెలియదు.

అక్కడి నుంచే నాన్నకు ఫోను చేశాను. అంతా విని ఆయన అడిగిన మొదటి మాట: ‘ఆ నేతగాళ్లు ఏమి తినేవాళ్లు?’

అది తెలుసుకోవడానికే ఆ రోజు ఆ గుట్ట మీది సంతలోకి నడిచాను. సోమవారం తప్ప రోజూ పొద్దున పెద్ద వీధి పొడవునా సాగే సంత అది. జున్నులు, అంటే చీజులు, అమ్మే ఒక పెద్దావిడ నా ప్రశ్న విని ఒక గిన్నె చూపించింది. ‘సెర్వెల్ ద కాన్యూ’. అంటే నేతగాడి మెదడు. మాంసం కొనే స్తోమత లేని నేతగాళ్లు మెదడు కూరకు బదులుగా తిన్నది ఇదే కాబట్టి ఆ పేరు వచ్చిందని అక్కడ చెబుతారు. కమ్మటి మెత్తని తాజా జున్నును గిలకొట్టి, సన్నగా తరిగిన చిన్న ఉల్లి, వెల్లుల్లి, ఉల్లికాడల వంటి ఆకు, కొంచెం వెనిగరు, ఆలివ్ నూనె, ఉప్పు, మిరియాలు కలుపుతారు. రొట్టె ముక్క మీద రాసుకుని తిన్నాను. మన పెరుగు పచ్చడికి పెద్దమ్మ కూతురు లాంటిది. ఆ రోజు నుంచి నేను గదిలో ఒంటరిగా తినలేదు.

ఇక సంత మర్యాద. ముందు ‘బొంజూర్’ అనాలి. ఆ మాట అనకుండా ధర అడిగితే పొగరు అనుకుంటారు, అన్నాక మనిషే మారిపోతారు. మన దగ్గరలా టమాటాలు నొక్కి ఏరుకోకూడదు. ఎప్పుడు తింటారని వాళ్లే అడుగుతారు, ఈ పూటకా రేపటికా అని, దాన్నిబట్టి పండు తీసి ఇస్తారు. ‘ఉన్ లీవ్ర్’ అంటే అర కిలో. మనవాళ్లు ఇంకా శేరు, సోల అన్నట్టు వాళ్లు ఆ పాత మాట వదల్లేదు. బల్ల మీద ‘ప్రొద్యుక్తర్’ అని పలక ఉంటే పండించిన రైతే అమ్ముతున్నట్టు. అలాంటి బల్లల దగ్గరే కొనండి. ధర కొంచెం ఎక్కువైనా తోట గురించి మాట్లాడతారు. ఎనిమిదికల్లా వెళ్లండి. పన్నెండున్నర దాటితే గుడారాలు విప్పడం మొదలవుతుంది. సోన్ నది ఒడ్డున సేంత్ ఆంత్వాన్ గట్టు మీద జరిగే సంతకూ ఒకరోజు వెళ్లండి, అదీ సోమవారం ఉండదు. సెప్టెంబరంటే అంజూరపండ్లు, ద్రాక్ష, ఎర్రటి పెద్ద టమాటాలు. నెల మొదట్లో మిరబెల్ అనే పసుపుపచ్చటి చిన్న రేగుపండంత పండు వస్తుంది. అది కనిపిస్తే వదలకండి.

భోజనానికి వెళ్తే ‘మాంసం వద్దు’ అని చెబితే చాలదు. చేపను మాంసం కింద లెక్కపెట్టరు, పంది ముక్కలను కూడా కొందరు రుచికి వేసిన పోపులా చూస్తారు. కాబట్టి మూడూ చెప్పాలి: సాఁ వియాఁద్, సాఁ పుఆసోఁ, సాఁ లార్దోఁ. మాంసం, చేప, పంది ముక్కలు లేకుండా అని. ఒక కాగితం మీద మీ అమ్మాయి చేత రాయించి పెట్టుకోండి. బూషోఁలని లియోన్ పాతకాలపు భోజనశాలలు ఉంటాయి. వాటిలో ఎక్కువగా పేగులు, కాలేయం వంటకాలే. అయినా ఒకసారి లోపలికి వెళ్లి కూర్చోండి. పాలు, మీగడ, వెల్లుల్లితో ఓవెన్‌లో మగ్గబెట్టిన బంగాళాదుంప గ్రాతాఁ, ఆ నేతగాడి మెదడు, చివరికి గులాబీరంగు చక్కెర పూసిన బాదంపప్పుల టార్టు అడిగితే కడుపు నిండుతుంది. మంచినీళ్ల సీసా కొననక్కర్లేదు, ‘కరాఫ్ దో’ అంటే కుళాయి నీళ్లు డబ్బు తీసుకోకుండా ఇస్తారు.

మీవారి జొన్నరొట్టెకు జవాబు ఫ్రాన్సు పడమటి కొసనున్న బ్రెతాఞ్‌వాళ్ల గలెట్. బక్‌వీట్ పిండితో పెనం మీద పలుచగా పోసే నల్లటి అట్టు. వాళ్లు దాన్ని నల్ల గోధుమ అంటారు గాని అది గోధుమ జాతే కాదు. గోధుమ సరిగా పండని పేద నేలలో పండిన గింజ, మనకు జొన్న, కొర్ర ఎలాగో వాళ్లకు అది అలాగ. ఆ అట్లు పోసే అంగళ్లు లియోన్‌లోనూ ఉన్నాయి. పుట్టగొడుగులు, ఉల్లిపాయలతో అడగండి. ‘కోంప్లెత్’ అని రాసి ఉంటే మాత్రం అందులో పందిమాంసం ఉంటుంది.

వీలుంటే రెండు రోజులు దక్షిణాన సముద్రపు ఒడ్డునున్న నీస్‌కు వెళ్లండి. రైల్లో సగం రోజు ప్రయాణం. అక్కడ సొక్కా తినకుండా రాకండి. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాల్చి, అంచులు మాడగానే గీకి కాగితంలో పెట్టి, మిరియాల పొడి చల్లి ఇస్తారు. శనగ పండించే సీమ నుంచి వెళ్లినవాడిని, ఏడు సముద్రాల అవతల ఆ వాసన తగిలితే కళ్లు చెమ్మగిల్లాయి. కూర్ సలేయా సంత పక్కనే. సోమవారం అక్కడ కూరగాయలుండవు, పాత సామాన్లు అమ్ముతారు.

కడప గడప సమాధానం:

ధర్మవరం అన్నగారు ప్రేమగా రాశారు, ఒక్క సవరణ. తాజా జున్నైనా, ముదురు చీజైనా పాలు విరగడానికి చాలాచోట్ల దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వేస్తారు. కోంతే, రోక్‌ఫోర్ లాంటి పేరున్న చీజుల్లో అది సంప్రదాయం. టీచరుగారూ, మీకు అది పట్టింపు అయితే కొనేముందు అడగండి. వెన్నకు, మామూలు పెరుగుకు ఈ చిక్కు లేదు.

మేము క్లెర్మోఁ ఫెరాఁలో రెండేళ్లు ఉన్నాం. మీరు శనివారం సంతకు లె పుయీ అనే ఊరికి వెళ్లండి, లియోన్ నుంచి సేంత్ ఎతియెన్ మీదుగా పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు. అగ్నిపర్వతాల నేలలో పండే ఆకుపచ్చ మసూరు అక్కడిది. 1996లో ఆ పప్పుకు ప్రాంతపు గుర్తింపు ముద్ర వచ్చింది, ఫ్రాన్సులో పప్పుధాన్యాలకు అదే మొదటిది. నానబెట్టనక్కర్లేదు, అరగంటలోపే ఉడుకుతుంది, గింజ చితకదు. హోటల్లో పంది మాంసంతో వండుతారు. అందుకే సంతలో కొని గదిలో మీరే ఉడికించి, ఆవపిండి, వెనిగరు, ఉల్లితో కలపండి. నేను కడపకు వచ్చాక కూడా అలాగే చేస్తున్నాను, మా అత్తగారు ఇంగువ పోపు పెడతారు. ఆ ఊళ్లోనే నిటారుగా నిలిచిన రాయి మీద పాత గుడి ఉంది, 268 మెట్లు. మోకాళ్లు సహకరిస్తే ఎక్కండి.

కారం గురించి: ఎస్పలెట్ మిరపపొడి అడగండి. ఫ్రాన్సు నైరుతి మూలనున్న బాస్క్ సీమలో పది ఊళ్లలోనే పండించి ఆ పేరుతో అమ్ముతారు. కోతల కాలంలో ఇళ్ల గోడలంతా ఎర్రటి మిరప దండలు వేలాడదీస్తారు. వాసన అద్భుతం, మంట మాత్రం మనకు చాలదు. మీవారికి మన కారం పొడి తీసుకెళ్లాల్సిందే.

సామాను సర్దేటప్పుడు నెయ్యి, పాలకోవా పెట్టకండి. బయటి దేశాల పాల పదార్థాలు, మాంసం ప్రయాణికుల సంచుల్లో రానివ్వరు. కరివేపాకు, మామిడికాయలు కూడా కాగితాలు లేకుండా కుదరవు. మొదటిసారి మా అమ్మ కాచి ఇచ్చిన కిలో నెయ్యి విమానాశ్రయంలో తీసేశారు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధే.

కర్నూలు టీచరు:

అందరికీ కృతజ్ఞతలు. ఆదోని తమ్ముడూ, మధ్యాహ్నం ఒంటిగంటకే కూర్చుంటాం, మాటిస్తున్నాను. కుక్కరు మాత్రం తీసుకెళ్లడం లేదు. కారం పొడి, చింతకాయ పచ్చడి పెడుతున్నాను. నెయ్యి డబ్బా సంచిలోంచి తీసేశాను. శనివారం లె పుయీకి టికెట్లు చూడమని అమ్మాయికి రాశాను.

రెన్నెట్ నాకు పట్టింపే. అందుకని నిన్న రాత్రి పెరుగును పలుచటి గుడ్డలో కట్టి వేలాడదీశాను. పొద్దునకు గట్టిపడింది. చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి, ఉల్లికాడలు సన్నగా తరిగి, ఆలివ్ నూనె లేదు కాబట్టి వేరుశనగ నూనె పోసి గిలకొట్టాను. మావారు జొన్నరొట్టెతో తిని, గిన్నె తుడిచి, రేపు కూడా చెయ్యమన్నారు. ధర్మవరం బాబూ, మీ నాన్నగారికి చెప్పండి, ఆ నేతగాళ్లు తిన్నది ఈ రోజు కర్నూలులో మా ఇంట్లో కూడా తిన్నామని.