ప్రభుత్వ భూముల్లో రాళ్లు, శిలాజాలు ఏరుకునే వెసులుబాటు: దేన్ని కాపాడుకోవాలి?

స్ఫటికం

అమెరికా పడమటి రాష్ట్రాల్లో రాళ్లేరే అలవాటున్న అందరికీ తగిలే ప్రశ్న ఇది. ప్రభుత్వ భూములను చూసే కేంద్ర సంస్థ బీఎల్ఎం (బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్) చేతిలో దాదాపు 24.5 కోట్ల ఎకరాలున్నాయి. అమ్ముకోవడానికి కాకుండా సొంతానికి, ఒక మోస్తరుగా రాళ్లు, ఖనిజాలు ఏరుకోవడానికి అక్కడి నిబంధనలు ఇప్పటికే ఒప్పుకుంటున్నాయి. ఒక ప్రాంతాన్ని అధ్యక్షుడు కొత్తగా నేషనల్ మాన్యుమెంట్‌గా, అంటే ప్రత్యేక రక్షణ ఉన్న ప్రభుత్వ భూమిగా, ప్రకటించినప్పుడు చిక్కు మొదలవుతుంది. ఈ వెసులుబాటు కొనసాగుతుందని ప్రకటనలోనే రాయాలా, తర్వాత తయారయ్యే నిర్వహణ ప్రణాళికకు వదిలేయాలా?

ప్రకటనలోనే ఉండాలని నా వాదన. 2016 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో మొజావే ట్రెయిల్స్ మాన్యుమెంట్ ఏర్పడింది. 16 లక్షల ఎకరాలు. అగేటు, జాస్పర్ అనే రంగురాళ్లకు పేరుపడ్డ కేడీ కొండలు అందులోకే వెళ్లాయి. ఇలాంటి ప్రకటనల్లో ఒక హెచ్చరిక మామూలుగా ఉంటుంది: అనుమతి లేనివారు మాన్యుమెంట్‌లోని ఏ విశేషాన్నీ తీసుకోకూడదు, పాడుచేయకూడదు, తొలగించకూడదు. వాగులో దొర్లే అగేటు ముక్క కూడా అందులోకి వస్తుందా? జవాబు రాసి లేకపోతే ఆ రోజు డ్యూటీలో ఉన్న అధికారి ఎలా అనుకుంటే అలా.

పొరలపాఠం

రాళ్ల వరకు ఒప్పుకుంటాను స్ఫటికం గారూ. శిలాజాలను కూడా అదే గాటన కట్టడం కుదరదు. అగేటు ఎక్కడ దొరికిందో తెలియకపోయినా అది అగేటే. శిలాజం అలా కాదు. ఏ పొరలో, ఏ దిక్కుకు తిరిగి, ఏ జీవుల పక్కన ఉందో నమోదు కాకపోతే దాని విలువలో సగానికి పైగా పోయినట్టే.

2009 మార్చిలో వచ్చిన శిలాజ వనరుల పరిరక్షణ చట్టం అందుకే గీత గీసింది. పర్మిట్ లేకుండా తీసుకోగలిగేవి సాధారణంగా దొరికే అకశేరుకాల (వెన్నెముక లేని జీవుల), మొక్కల శిలాజాలు మాత్రమే. ఎముక, పన్ను, పాదముద్ర ఎంత చిన్నదైనా పర్మిట్ కావాలి. సొరచేప పన్ను కూడా వెన్నెముక జీవిదే, బీఎల్ఎం నేల మీద దాన్ని జేబులో వేసుకోవడం నేరం. ఇది తెలియక చిక్కుల్లో పడేవాళ్లు ఉన్నారు. శిలాజాల కోసమే ఏర్పడిన మాన్యుమెంట్‌లో 'రాళ్లేరుకోవచ్చు' అని ఒక్క ముక్కలో రాసేస్తే ఈ గీత చెరిగిపోతుంది.

సుత్తిసంచి

ఎంత బరువు తీసుకోవచ్చన్న తూకాల లెక్క ముందు సరిచేద్దాం, చర్చల్లో ఎప్పుడూ కలగాపులగం అవుతుంది. రాయిగా మారిన కలపకు 1962 నాటి చట్టం వర్తిస్తుంది: మనిషికి రోజుకు 25 పౌండ్లు, దానికి తోడు ఒక ముక్క, ఏడాదికి 250 పౌండ్లు దాటకూడదు. నలుగురి కోటా కలిపి 250 పౌండ్లకు మించిన దుంగను ఎత్తుకెళ్లడం కుదరదు. మిగతా మొక్కల శిలాజాలు, అకశేరుకాలు వేరే ఖాతా: రోజుకు 25, ఏడాదికి 100 పౌండ్లు. జాతీయ అడవులను చూసే ఫారెస్ట్ సర్వీస్ ఈ అంకెలను 2015లో పెట్టింది, బీఎల్ఎం పైనున్న అంతర్గత శాఖ 2022లో పెట్టింది. ఇక మామూలు రాళ్లకు 'సబబైన పరిమాణం' అన్న మాటే.

తూకం మీద గంటలకొద్దీ వాదించడం వృథా అని నా అభిప్రాయం. యూటాలో వీలర్ షేల్ అనే పలకలుగా చీలే రాతిలో దొరికే ఎల్రేథియా ట్రైలోబైటు (అంతరించిపోయిన చిన్న సముద్ర జీవి) రాతి నుంచి విడిగా ఊడి వస్తే కొద్ది గ్రాములే ఉంటుంది. 100 పౌండ్లంటే వేలకొద్దీ. అదే పలకతో సహా తెస్తే నాలుగైదు పలకలకే కోటా అయిపోతుంది. ఒకే అంకె ఒకచోట అతి ఉదారం, ఇంకోచోట అతి పిసినారితనం.

వెసులుబాటు నిజంగా పోయేది దారి మూసినప్పుడు. బీఎల్ఎం వైల్డర్‌నెస్‌లో (మోటారు బండ్లకు చోటు లేని రక్షిత అడవి ప్రాంతంలో) సైతం మోటారు లేని చేతి పనిముట్లతో, నేలను పెద్దగా కదపకుండా ఏరుకోవచ్చు. బండి మాత్రం పోదు. అంటే ఒక గ్యాలన్ నీళ్లు 8 పౌండ్లు, సుత్తి, రెండు ఉలులు, గడ్డపలుగు కలిసి మరో 10, తిరుగు ప్రయాణంలో రాళ్లు 25. ఎండలో ఆరు మైళ్లు ఇంత బరువు మోయగలిగేది ఎందరు? వయసు మీరినవారికి, పిల్లలతో వచ్చేవారికి ఆ చోటు మూసేసినట్టే, ఏ నిషేధమూ రాయకుండానే.

కాబట్టి ఏ బాటల్లో బండ్లు పోవచ్చో తేల్చే ప్రయాణ మార్గాల ప్రణాళిక ముసాయిదా వచ్చినప్పుడు గట్టిగా పట్టుకోవాలి. మార్గాల జాబితాలోకి ఎక్కని బాటను తర్వాత తెరిపించడం మహా కష్టం. 'మా హక్కులు లాక్కోకండి' అని వెయ్యి ఉత్తరాలు వచ్చినా ఒకే అభిప్రాయంగా లెక్కవేస్తారు. బాట నంబరు, మొదలు, చివర, ఏ బండి పోతుంది, ఏ నెలల్లో పోతుంది, చివర ఎన్ని బండ్లు ఆగుతాయి, అది మూస్తే రాళ్లేరే చోటికి నడక ఎంత పెరుగుతుంది అని రాస్తే జవాబు చెప్పక తప్పదు.

పొరలపాఠం

ఒక జాగ్రత్త. మీరు పంపే అభిప్రాయం బహిరంగ రికార్డులో చేరుతుంది. బాట వివరం ఇవ్వండి, శిలాజాలు తవ్వే గుంట ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలు ఇవ్వకండి. శిలాజ స్థలాల వివరాలను బయటపెట్టకుండా ఉంచే వీలు 2009 చట్టమే కల్పించింది. దాన్ని మనమే వమ్ము చేయకూడదు.

క్లెయిమ్‌చూపు

దారి ఉన్నంత మాత్రాన రాయి మీది కాదు. 1872 గనుల చట్టం కింద ఎవరైనా క్లెయిమ్ వేసి (అక్కడి ఖనిజం మీద హక్కు నమోదు చేసుకుని) ఉంటే అక్కడ నడవవచ్చు గానీ ఖనిజం క్లెయిమ్‌దారుది, అతని అనుమతి కావాలి. బయలుదేరే ముందు బీఎల్ఎం ఆన్‌లైన్ రికార్డులో ఆ చోటి టౌన్‌షిప్, రేంజ్, సెక్షన్ (భూమి సర్వే గడుల నంబర్లు) కొట్టి చూడండి. యూటాలో 2, 16, 32, 36 నంబరు సెక్షన్లు రాష్ట్రానికి దక్కాయి, అవి ఇప్పటికీ చాలాచోట్ల ట్రస్టు భూములే. చుట్టూ బీఎల్ఎం ఉన్నా అక్కడ రాష్ట్రం పర్మిట్ వేరే తీసుకోవాలి.

గుంటపూడ్పు

దారులు ఎందుకు మూస్తున్నారో కూడా మాట్లాడండి. గట్టు కింద సొరంగంలా తవ్వి పైకప్పు వేలాడదీసి వెళ్లిపోతే ఏ అధికారి ఊరుకుంటాడు? అది కూలితే మనిషి చస్తాడు. శిలాజాల విషయంలో అంతర్గత శాఖ నిబంధన స్పష్టంగా ఉంది: ఒక్కొక్కరు ఒక చదరపు గజానికి మించి నేల కదపకూడదు, ఇద్దరి గుంటల మధ్య కనీసం 10 అడుగులు ఉండాలి, తీసిన మట్టితోనే పూడ్చాలి. ఫారెస్ట్ సర్వీస్ భూముల్లో శిలాజాలకు చేత్తో తేలిగ్గా మోయగల చిన్న పనిముట్లే. నిలువెత్తు పార, పికాసు కుదరవు.

పూడ్చడానికీ ఒక పద్ధతి ఉంది. వేళ్లతో కూడిన పైమట్టి ఒక టార్పాలిన్ మీద, కింది మట్టి ఇంకో టార్పాలిన్ మీద వేయాలి. పూడ్చేటప్పుడు కింది మట్టి ముందు, అరడుగు వేసినప్పుడల్లా తొక్కాలి, పైమట్టి చివర. రెండూ కలిపి పోస్తే మొదటి వానకే గుంట కుంగి నీళ్లు నిలుస్తాయి, పైన గడ్డి మొలవదు. షేల్ చీల్చేవారు రాతి పెచ్చులను వాలు మీదికి విసరకండి. కింది పొరను అదే కప్పేస్తుంది.

స్ఫటికం

గుంటపూడ్పు గారి మాట కాదనలేను. అందుకు మంచి నమూనా మొంటానాలోని క్రిస్టల్ పార్క్. ఫారెస్ట్ సర్వీస్ స్థలం, స్ఫటికాలు తవ్వుకోవడానికే కేటాయించారు, సొరంగాలు నిషేధం, చేతి పనిముట్లే. స్థానిక ఖనిజ క్లబ్బు కూడా చేయి వేస్తుంది.

పొరలపాఠం గారూ, ఔత్సాహికుల్ని దూరం పెడితే శాస్త్రానికీ నష్టమే. ఇల్లినాయ్‌లో 1950ల్లో టల్లీ రాకాసి (టల్లీ మాన్‌స్టర్) అనే వింత జీవి శిలాజం దొరికింది ఒక ఔత్సాహికుడికే. అది ఏ జీవి కోవలోకి వస్తుందో ఇప్పటికీ వాదన నడుస్తోంది. మీ అభ్యంతరం తీరేలా నా వాక్యం ఇలా మారుస్తాను: 'అమ్మకానికి కాకుండా, మోటారు లేని చేతి పనిముట్లతో రాళ్లు, ఖనిజాలు ఏరుకోవడం అమల్లో ఉన్న నిబంధనల మేరకు కొనసాగుతుంది; శిలాజాలకు 2009 చట్టమే వర్తిస్తుంది.'

పొరలపాఠం

మొదటి సగానికి సరే. రెండో సగానికి 'గుర్తించిన శిలాజ పొరల్లో ఏరుకోవడం ఆపే అధికారం సంస్థకు ఉంటుంది' అని చేర్చనిదే ఒప్పుకోను. ఏది సాధారణం, ఏది అరుదు అన్నది పొరపొరకూ మారుతుంది. దాన్ని ప్రకటనలో ముందే బిగించలేం.

సుత్తిసంచి

ఆ అధికారానికి పటం జోడించాలి. 'గుర్తించిన పొరలు' అని ఊరికే వదిలితే మొత్తం లోయనే మూసేయవచ్చు. ఏ శిలా విభాగం, ఏ సెక్షన్లు అన్నది ప్రణాళికలో గీసి చూపమని అడగండి. బీఎల్ఎం ప్రణాళిక ముసాయిదా మీద అభిప్రాయానికి 90 రోజులు ఉంటుంది. తుది ప్రతిపాదన వచ్చాక నిరసన దాఖలుకు 30 రోజులే. అంతకుముందు ప్రక్రియలో పాల్గొన్నవారికే, అప్పుడు లేవనెత్తిన అంశాల మీదే ఆ అవకాశం. పటం సంగతి ముసాయిదా దశలోనే రాసి పెట్టండి.