సమస్య: “కామగీతి విన్నఁ గలుగు ముక్తి” – వచ్చిన పూరణలు, వాటిపై మాటలు

నిర్వాహకురాలు, హనుమకొండ:
సమస్యగా ఆటవెలది పద్యం నాలుగో పాదం ఇచ్చాను; మిగతా మూడు పాదాలు రాసి దానికి అర్థం కుదర్చడమే పూరణ. ఈ పాదంలో ఐదు సూర్యగణాలు (చిన్న లయ ముక్కలు), యతి (పాదం మొదటి అక్షరానికీ మధ్య అక్షరానికీ కుదిరే పోలిక) కా–గ. మన జిల్లాల్లో తీస్తున్న పాటల వీడియోలు ఈ మధ్య వరుసగా చూశాక తట్టిన పాదం ఇది. శివుడి పాటకూ, ప్రేమ పాటకూ అవే కాకతీయ తోరణాలు, అవే చెరువు గట్లు, అదే డ్రోన్ కెమెరా. అయినా కొన్ని మనసులోకి దిగుతాయి, కొన్ని కళ్ల ముందు నుంచే వెళ్లిపోతాయి. ఆ తేడా ఎక్కడుందో మీ పద్యాల్లో వెతుకుదామని నా కోరిక.

జనగామ సభ్యురాలు:

రుక్మిణమ్మ పంపె రూఢిగా సందేశ
మందు వలపె కలదు మాధవునకు
బమ్మెరయ్య కలము భక్తిగా మార్చెను
కామగీతి విన్నఁ గలుగు ముక్తి

నిర్వాహకురాలు:
బమ్మెర మీ జిల్లాలోనే ఉంది కాబట్టి పోతన మీ పద్యంలోకి రావడం సహజం. ఆయన భాగవతం దశమ స్కంధంలోని రుక్మిణీ కల్యాణాన్ని పెళ్లి కావలసిన ఆడపిల్లల చేత పారాయణ చేయించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఒక అమ్మాయి తనను ఎత్తుకుపొమ్మని కబురంపిన కథ పూజగదిలో వినిపిస్తోందంటే సమస్య సగం తీరినట్టే. ‘రూఢిగా’ యతి కోసం తెచ్చిన మాట, అక్కడ పని లేదు. ‘రుచిరమౌ’ అన్నా గణం చెడదు. నాకు అసలు అభ్యంతరం ‘మార్చెను’ దగ్గర. పోతన దేన్నీ మార్చలేదు. రుక్మిణి వలపులో భక్తి ముందే ఉంది, ఆయన దాన్ని చూశాడు. ‘భక్తినే కనుఁగొనె’ అని చదివి చూడండి.

కరీంనగర్ సభ్యుడు:

శివుని పాట నడుమ చిందాట చూపించి
వీడియోలు తీసి వెలకు నమ్మి
పలుకు నొక్కరుండు భక్తులతో నిట్లు
“కామగీతి విన్నఁ గలుగు ముక్తి”

నిర్వాహకురాలు:
గణాలు, యతులు సరిపోయాయి. కానీ సమస్యను ఇంకొకరి నోట పెట్టి తప్పుకోవడం అవధానాల కాలం నుంచీ ఉన్న దారి. మీ కోపంలో నిజం ఉంది, దాన్ని మీ గొంతుతోనే చెప్పవలసింది.

ములుగు సభ్యుడు:

రాతి పొన్న మీఁద రవళించె వేణువు
చెలులు సిగ్గుపడిరి శిలల యందు
శివుని యెదుట మలచె శిల్పి యీ చిత్రము
కామగీతి విన్నఁ గలుగు ముక్తి

నిర్వాహకురాలు:
ఈ పద్యాన్ని పైకి రెండుసార్లు చదివాను. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి శివాలయం. ఆ శివుడి ముంగిట్లో పొన్నచెట్టెక్కి వేణువూదుతున్న కృష్ణుడు, కింద చీరలు పోయిన గోపికలు. వేలితో మీటితే ఆ రాయి స్వరం పలుకుతుంది. చూసేవాళ్లకు అది శిల్పం; మీ పద్యం దాన్ని వినిపించింది. సమస్యలో ‘విన్న’ అనే మాటను అందరూ దాటేసి పోతారనుకున్నాను, మీరు దాన్ని రాతిలో నిలబెట్టారు. మూడో పాదంలో శిల్పి తీర్పు చెప్పకుండా పని మాత్రమే చేశాడు. అది మరీ బాగుంది.

కరీంనగర్ సభ్యుడు:
అమ్మా, శిల్పి చేస్తే భక్తి, కెమెరా పట్టినవాడు చేస్తే వ్యాపారమా?

నిర్వాహకురాలు:
అలా అనను. ఎవరు ఎవరిని చూస్తున్నారో గమనించండి. మంచి ప్రేమ పాట వీడియోలో పిల్ల తన బావను చూస్తుంది, మనం ఉన్నామన్న సంగతే ఆమెకు పట్టదు. చాలా భక్తి పాటల వీడియోల్లో గాయకుడు దేవుడికి వీపు పెట్టి, చేతులు జోడించి మన వైపు చూస్తాడు. మధ్యమధ్య హారతి పళ్లెం, గంట, మళ్లీ ఆయన ముఖం, కొత్త పట్టు కండువా. పాట ఎవరికి పాడుతున్నాడో ఆ చూపే చెప్పేస్తుంది. తిరుమల రాగిరేకుల మీద అన్నమయ్య పాటలను అధ్యాత్మం, శృంగారం అని వేరువేరుగా చెక్కించారు. రేకులు వేరు, వాటిలో పిలుపు అందుకునే వేంకటేశుడు ఒక్కడే. అలమేలుమంగ అలకనైనా, సంసారం మీద విసుగునైనా అన్నమయ్య ఆ ఒక్కడి ముందే పెట్టాడు. అందుకే శృంగార కీర్తన విని కూడా చెయ్యెత్తి దండం పెడతాం.

సిరిసిల్ల సభ్యురాలు:
మీరు చూపు గురించి అన్నారు కాబట్టి, చూపు లేకుండా ఒకటి.

మనుమఁ డుంచె ఫోను మంచమ్ము పక్కన
అవ్వ తెరను కనక యాలకించె
“రమ్ము రమ్ము ప్రియుఁడ” – రాజన్న యనుకొనె
కామగీతి విన్నఁ గలుగు ముక్తి

జనగామ సభ్యురాలు:
అక్కా, పద్యం హాయిగా ఉంది కానీ ఇది అవ్వ పొరపాటే కదా? పొరపాటుగా వింటే ముక్తి ఎలా వస్తుంది?

సిరిసిల్ల సభ్యురాలు:
వేములవాడ శివుడైన రాజన్నకు ఏటేటా కోడె మొక్కు కట్టిన అవ్వ ఆమె. పిలుపు చెవిన పడగానే ఎవరు గుర్తుకొస్తారో అదే ఆమె భక్తి. మనుమడికి అదే పాటలో వేరే ముఖం కనబడింది, ఆమెకు రాజన్న కనబడ్డాడు.

నిర్వాహకురాలు:
నా ఓటు ఈ జవాబుకే. క్షేత్రయ్య శృంగార పదాల్లో నాయిక మువ్వగోపాలుణ్ణి, అంటే కృష్ణుణ్ణి, పిలిచిన తీరు వింటే, అవ్వ విన్నది తప్పని ఎవరూ అనలేరు. ఒక్క సవరణ: ఫోనులో మోగే పాట ‘రమ్ము రమ్ము’ అనదు. ‘రార సామి యనిన రాజన్న యనుకొనె’ అంటే పాట ఇంటి పాటలా ఉంటుంది, యతి కూడా రా–రా నిలుస్తుంది. తెరను పక్కకు నెట్టి చెవికి పెద్దపీట వేసిన పూరణ ఇది. ఈసారికి మొదటి స్థానం దీనికి, రామప్ప పద్యానికి కలిపి ఇస్తున్నాను. ఒకదాన్ని కింద పెట్టడం నాకు సాధ్యం కాలేదు.

వచ్చే సమస్య దీనికి ఎదురు పాదం: “భక్తి పాటలోన వలపు పొంగె”. ఆటవెలదే, యతి భ–వ. ఈసారి పాదాన్ని ఇతరుల నోట పెట్టకూడదు. కరీంనగర్ వారు ముందుగా రాయాలని కోరుతున్నాను.