అప్‌డేట్: రాజోలు దగ్గర ఫొటో స్టూడియో పెట్టాలా, హైదరాబాద్ వెళ్లిపోవాలా అని ఇంతకుముందు మిమ్మల్ని అడిగాను కదా

ఊళ్లోనే ఉండిపోయాను. స్టూడియో మాత్రం పెట్టలేదు. "ముందు ఎవరైనా సీనియర్ దగ్గర సెకండ్ కెమెరాగా (పక్కనుండి ఫొటోలు తీసే అసిస్టెంట్‌గా) తిరుగు" అని మీరన్న మాటే విన్నాను. అమలాపురంలో ఒకాయన వెంట 14 పెళ్లిళ్లకి ఫొటోలు తీశాను.

మొదటి పెళ్లిలోనే పరువు పోయేది. మిట్టమధ్యాహ్నం కొబ్బరితోటలో పెళ్లికూతుర్ని నిలబెడితే ఆకుల నీడలు మొహం మీద చారలు చారలుగా పడ్డాయి. ఆయన ఇద్దరు కుర్రాళ్లని పిలిచి, ఆమె తల పైన తెల్ల పంచె అడ్డంగా పట్టించి "ఇప్పుడు ఫొటో కొట్టరా" అన్నారు. వెలుగు మెత్తబడిపోయింది. ఏ వీడియోలోనూ చూడలేదు నేనిది!

దెబ్బ తిన్నది వానాకాలంలో. మన తేమకి 50 ఎంఎం లెన్స్ లోపల సాలెగూడులా ఫంగస్ పట్టేసింది. ఇప్పుడు లెన్స్‌లని గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ (తేమ పీల్చే గింజలు) వేసి దాస్తున్నాను. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే మార్చేయాలి.

ఆషాఢం, మూఢాల్లో పెళ్లిళ్లుండవుగా, అప్పుడు టెన్షనే. కడియం నర్సరీల వాళ్లకి వాట్సాప్‌లో పెట్టుకునే మొక్కల ఫొటోలు తీస్తున్నాను. డబ్బు తక్కువే, కానీ చేతికి వెంటనే వస్తుంది. అడ్వాన్స్ లేకుండా ఒప్పుకున్న ఓణీల ఫంక్షన్ బాకీ ఇంకా రాలేదు, "రేపు రా బాబూ" అంటూనే ఉన్నారు.