అప్‌డేట్: గూడూరు అమ్మాయి, గంటలో వచ్చేసిన ప్లేటు

1942లో గూడూరు నుంచి బెంగళూరులోని సి.వి.రామన్ ల్యాబ్‌కి వెళ్లిన అమ్మాయి గురించి నేను రాస్తున్న కథలో, వజ్రం స్పెక్ట్రమ్ (దాన్నుంచి వచ్చే వెలుగు రంగులుగా విడిపోయి పడ్డ గీతలు) ఫొటో ప్లేటు మీద గంటలో తీయించొచ్చా అని ఇంతకుముందు అడిగాను గదా. కుదరదు, మార్చేశాను. ఆ ల్యాబ్‌లో నిజంగానే వజ్రాల మీద పనిచేసిన శాస్త్రవేత్త అన్నా మణి ఎక్స్‌పోజర్లకి, అంటే ప్లేటు మీద ఆ వెలుగు పడనివ్వడానికి, 15 నుంచి 20 గంటలు పట్టేది. రాత్రిళ్లు నిద్ర కూడా ల్యాబ్‌లోనే. వజ్రాన్ని ద్రవ గాలితో (బాగా చల్లబరిచి ద్రవంగా మార్చిన గాలి) చల్లగా ఉంచాలి. అదేమో ఆవిరైపోతుంటుంది, మళ్లీ మళ్లీ పోస్తుండాలి. వజ్రం వేడెక్కిందా, స్పెక్ట్రమ్‌లో 4152 ఆంగ్‌స్ట్రామ్‌ల (వెలుగు తరంగాల పొడవుకి కొలత) దగ్గరి సన్న గీత అలుక్కుపోతుంది. ఏ సందులోంచో కాస్త వెలుతురు దూరినా ప్లేటంతా మసక, రాత్రంతా పడ్డ కష్టం గంగపాలు.

ఇప్పుడు సన్నివేశమంతా ఆ పోయడమే. గూడూరులో అభ్రకం రేకులు చీల్చిన చెయ్యి కాబట్టి మా అమ్మాయి వజ్రాన్ని అంచులు పట్టుకునే తీస్తుంది (ఇది నా కల్పనే). ముగింపు మార్చలేదు: 1945లో థీసిస్ ఇచ్చినా, ఎమ్మెస్సీ లేదని మద్రాసు యూనివర్సిటీ మణికి పీహెచ్‌డీ ఇవ్వలేదు. మా గూడూరు అమ్మాయికీ అదే జవాబు వస్తుంది.