పది నెలల బాబుకు మొదటి భోగిపళ్ళు: ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలి?

ప్రశ్న (ఇద్దరు పిల్లల తల్లి, పటమట, విజయవాడ)

నమస్కారం. మాకు నాలుగేళ్ళు నిండబోతున్న పాప, పది నెలల బాబు ఉన్నారు. ఈ సంక్రాంతికి తెనాలి దగ్గరున్న మా అత్తగారి ఊరికి వెళుతున్నాము. బాబుకు ఇదే మొదటి సంక్రాంతి కనుక భోగినాటి సాయంత్రం ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి భోగిపళ్ళు పోయాలని, పేరంటానికి వీధి వీధంతా పిలవాలని అత్తగారు నెల రోజుల ముందే నిశ్చయించారు. ఆమె సంబరం చూస్తే నాకూ సంతోషంగానే ఉంది. అయితే బాబు ఇప్పుడు పాకుతున్నాడు, నేల మీద చీమ కనిపించినా తీసి నోట్లో పెట్టుకుంటున్నాడు. పోయినేడాది బంధువుల ఇంట్లో ఇలాంటి పేరంటంలోనే మా పాప నానబెట్టిన శనగగింజను ముక్కులోకి తోసుకుంది. ఎవ్వరమూ గమనించలేదు. రెండు రోజుల తరువాత ఒక్క ముక్కులోంచే దుర్వాసనతో చీమిడి కారుతుంటే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాము, అప్పటికి గింజ ఉబ్బి ఇరుక్కుపోయి ఉంది. అప్పటినుంచి శనగలు చూస్తేనే నాకు గుండె దడ.

భోగిపళ్ళలో ఏవి ఉంచాలి, ఏవి తీసివేయాలి? తెల్లవారుజామున మంట దగ్గరికి బాబును తీసుకువెళ్ళవచ్చా? మా వారు పాపకు గాలిపటం ఎగరేయడం నేర్పిస్తానని మాట ఇచ్చారు, దాని సంగతి ఏమిటి? అత్తగారి మాట కాదనాలన్నది నా ఉద్దేశం కాదు. ఆమెకు మనవడి ముచ్చట తీరాలి, నాకు భయం తీరాలి.

జవాబు 1 (పిల్లల వార్డులో నర్సు, గుంటూరు)

మీ భయం అర్థం లేనిది కాదు. అయితే మీరు భయపడుతున్న సమయం వేరు, అసలు ప్రమాదం జరిగే సమయం వేరు అని నా అనుభవం. భోగిపళ్ళు పోస్తున్నంతసేపూ పదిమంది కళ్ళు పిల్లల మీదే ఉంటాయి. పోయడం ముగిసి, హారతి ఇచ్చి, ఫొటోలు తీసుకుని, పెద్దవాళ్ళంతా పేరంటాళ్ళకు తాంబూలాలు అందించే హడావిడిలో పడిన ఆ పావుగంటలో రేగుపళ్ళు, చిల్లర నాణేలు, శనగలు, చెరకు ముక్కలు గది అంతా దొర్లి ఉంటాయి, బిడ్డ వాటి మధ్యలో ఉంటాడు. కనుక హారతి పూర్తికాగానే బాబును ఎత్తుకుని వేరే గదిలోకి వెళ్ళే మనిషి ఒకరు, చాప నాలుగు మూలలూ పట్టి ఎత్తి మొత్తం ఒకేసారి దులిపివేసే మనిషి మరొకరు ఎవరో ముందే మాట్లాడుకోండి. పిల్లలను పీట మీద కాకుండా పెద్ద దుప్పటి పరిచి దాని మధ్యలో కూర్చోబెడితే ఈ పని సులువవుతుంది. మంచాల కిందికి, సోఫా కిందికి దొర్లినవాటిని ఎవరైనా మోకాళ్ళ మీద వంగి చూడాలి, ఎందుకంటే బాబు కన్ను ఉండేది ఆ ఎత్తులోనే.

శనగలను మాత్రం పూర్తిగా మానండి. నానిన గింజ గొంతులోంచి ఊపిరితిత్తుల గొట్టంలోకి జారితే తడికి ఇంకా ఉబ్బుతుంది. బిడ్డ ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరై దగ్గి, తరువాత మామూలుగా ఆడుకుంటాడు, గండం గడిచిందని ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారు, వారం పది రోజులకు తగ్గని దగ్గు, పిల్లికూతలు, జ్వరంతో మా దగ్గరికి వస్తారు. అందుకే పండుగ తరువాత అలాంటి దగ్గు కనిపిస్తే, ఆ రోజు బిడ్డ ఉక్కిరిబిక్కిరయ్యాడన్న మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి. వేరుశనగ గింజలు కూడా నాలుగైదేళ్ళు వచ్చేవరకూ పెట్టవద్దు. నాణేలు మింగితే అరటిపండు తినిపించి దింపే ప్రయత్నం చేయకుండా ఎక్స్‌రేకు తీసుకువెళ్ళాలి. తిరునాళ్ళలో అమ్మే మెరుపు బొమ్మల్లో ఉండే గుండీ లాంటి బ్యాటరీ అయితే క్షణం ఆలస్యం పనికిరాదు, అది రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చివేయగలదు.

గొంతుకు అడ్డుపడినప్పుడు చేయవలసింది ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. బిడ్డ గట్టిగా దగ్గగలుగుతుంటే దగ్గనివ్వండి. దగ్గు, ఏడుపు రెండూ ఆగిపోతే, ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద తల కిందికి వాలేటట్లు బోర్లా పడుకోబెట్టి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు తట్టాలి. అప్పటికీ రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ము ఎముక మీద చనుమొనల గీతకు కాస్త దిగువన రెండు వేళ్ళతో ఐదుసార్లు నొక్కాలి. వస్తువు వచ్చేదాకా ఇలా మార్చి మార్చి చేస్తూ ఉండగా మరొకరు 108కు ఫోన్ చేయాలి. ఏడాది దాటినవారికి వీపు మీద తట్టడం అదే, రొమ్ముకు బదులు బొడ్డుకు పైభాగాన లోపలికి, పైకి నొక్కాలి. కంటికి కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకడం వల్ల అది ఇంకా లోపలికి పోతుంది.

మరొక్క మాట, దీన్ని ఎవరూ పట్టించుకోరు. దిష్టి తీసే ఎర్రనీళ్ళలో పసుపుతో పాటు సున్నం కలుపుతారు. ఆ నీళ్ళు కంట్లో పడినా, నాయనమ్మ తమలపాకుల పెట్టెలోని సున్నం పొట్లాన్ని పిల్లలు పిండుకున్నా కంటి నల్లగుడ్డు పొర కాలిపోతుంది. అలా జరిగితే రెప్పలు తెరిచి పట్టుకుని పదిహేను ఇరవై నిమిషాలపాటు మంచినీళ్ళతో కడుగుతూనే ఉండి, ఆ తరువాతే కంటి ఆసుపత్రికి బయలుదేరాలి. ఎర్రనీళ్ళు కుంకుమతో కలుపుకున్నా దిష్టి పోతుందని మా అమ్మ ఒప్పుకుంది.

జవాబు 2 (ముగ్గురు మనవల అమ్మమ్మ, బ్రాడీపేట, గుంటూరు)

అమ్మాయీ, మీ అత్తగారిని ఒప్పించడం నువ్వనుకున్నంత కష్టం కాదు. తల మీద నుంచి దొర్లిన భోగిపండు తినకూడదని, అది దిష్టిని మోసుకుపోయిందని మన పెద్దలే చెప్పారు. కనుక బాబు నోట్లోకి ఒక్క పండు కూడా పోకూడదన్న నీ మాట ఆచారానికి ఎదురు కాదు, ఆచారమే. ఈ మాట నువ్వు కాకుండా మీ ఆయన చేత చెప్పించు, ఇంకా బాగా వింటారు.

మా ఇంట్లో ఏడాది నిండని పిల్లలకు ఐదు రేగుపళ్ళు మాత్రం గుప్పిట్లో పట్టుకుని తల చుట్టూ మూడుసార్లు తిప్పి పళ్ళెంలో వేసేస్తాము. ఆ తరువాత పోసేవన్నీ బంతిపూల రేకులు, చామంతి రేకులు, అక్షింతలు. పెద్ద పిల్లలకు మామూలుగా పోస్తాము. చిల్లర నాణేలు కూడా పళ్ళెంలోనే ఉంటాయి, తరువాత పేరంటానికి వచ్చిన పిల్లలకు చేతికి ఇస్తాము. అవి నేల మీద పడితే వీధి పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడి ఏరుకుంటారు, ఆ తొక్కిసలాటలో చంటివాడి చేతివేళ్ళు ఎవరి కాలి కింద పడతాయో చెప్పలేము.

మీ పాపకు కావలసినంత పని ఉంది. ఆవుపేడతో చిన్న చిన్న పిడకలు చేసి మధ్యలో వేలితో కన్నం పెట్టించి, ఎండిన తరువాత దారానికి దండ గుచ్చించు. భోగి తెల్లవారుజామున ఆ దండను మంటలో వేయవలసింది తానేనని చెబితే నెల రోజుల ముందునుంచీ అదే ధ్యాసలో ఉంటుంది. పిడకలు చేశాక గోళ్ళలోకి కూడా సబ్బు వెళ్ళేటట్లు చేతులు కడిగించు. ముగ్గుకు రాతి ముగ్గుపిండి కాకుండా బియ్యప్పిండి ఇస్తే కంట్లో పడినా, నోట్లో పెట్టుకున్నా పెద్ద బాధ ఉండదు, పైగా పిచ్చుకలు, చీమలు వచ్చి తింటుంటే చూడడం పిల్లలకు మహా సరదా. వీధి వాకిట్లో మాత్రం పొద్దున్నే ఒంటరిగా వదలవద్దు, ధనుర్మాసపు మంచులో వచ్చే మోటారు సైకిలు వాడికి నేల మీద కూర్చున్న పిల్ల కనిపించదు.

మంట సంగతి చెబుతాను. బాబును గుమ్మం లోపలినుంచే చూపించు, ఆ పొగ పది నెలల గుండెకు పనికిరాదు. ఈ మధ్య కుర్రవాళ్ళు పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు కూడా వేస్తున్నారు, అలాంటి మంట దగ్గరికి పాపను కూడా పంపవద్దు. పట్టుపరికిణీ సాయంత్రం పేరంటానికి ఉంచి, తెల్లవారుజామున నూలు బట్టలు వేయి, నైలాను అంచులు, జాలీ గౌన్లు నిప్పు తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. అందరూ తలంటుకు లోపలికి వెళ్ళాక మంట ఆరిపోయినట్లే కనిపిస్తుంది గాని, బూడిద కింద నిప్పులు మధ్యాహ్నం దాకా ఉంటాయి. మా చిన్నతనంలో మా తమ్ముడు కనుమనాడు కూడా గుర్తు చేసుకుని ఏడ్చేవాడు, వాడి అరికాలు కాలింది మంటలో కాదు, బూడిదలో. రెండు బిందెల నీళ్ళు పోసి, పారతో తిరగేసి, మళ్ళీ పోయించు.

అరిసెల పాకం, నూనె మూకుడు నేల మీది పొయ్యి మీద పెట్టుకుంటే, పొయ్యికి ఆ పక్క గోడ, ఈ పక్క బల్ల అడ్డం ఉండాలి. తలంటు నీళ్ళు తొట్టిలో కలిపేటప్పుడు ముందు చన్నీళ్ళు, తరువాత వేడినీళ్ళు. బకెట్టులో కరెంటు హీటరు పెట్టి వంటింట్లోకి వెళ్ళే అలవాటు మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే ఆ గదికి తాళం వేసుకోమను.

జవాబు 3 (నాలుగేళ్ళ అబ్బాయి తండ్రి, సత్యనారాయణపురం, విజయవాడ)

గాలిపటం గురించి నేను చెబుతాను. నాలుగేళ్ళ పాప దారం పట్టుకుంటుంది, కానీ చూపంతా ఆకాశంలో ఉంటుంది, వెనక్కి వెనక్కి నడుస్తుంది. అందుకే మేడ మీద వద్దు, పిట్టగోడ ఎంత ఎత్తున్నా వద్దు. మీ ఊళ్ళో పొలాల్లోకి తీసుకువెళదామనుకుంటే, ఆ రోజుల్లో వరి కోసిన మాగాణుల్లో మినుము, పెసర మొలిచి ఉంటుంది, తొక్కితే రైతుకు నష్టం. బడి ఆటస్థలమో, ఖాళీగా ఉన్న కళ్ళమో చూసుకోండి. కాలువ గట్టు మాత్రం వద్దు. తెగిన గాలిపటం వెంట పిల్లలు పరుగెత్తేటప్పుడు కాలువ, రోడ్డు, బావి ఏవీ కనిపించవు, కనుక తెగినదాన్ని వదిలేయడమే ఆట నియమమని ముందే చెప్పాలి, మనం కూడా పరుగెత్తకూడదు.

దారం మామూలు నూలుదే కొనండి. చైనా మాంజా అని పిలిచే నైలాను దారాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది, అయినా దొంగచాటుగా దొరుకుతూనే ఉంది. మోటారు సైకిలు మీద వెళ్ళేవారి మెడలు కోసేది అదే. పిల్లను ముందు కూర్చోబెట్టుకుంటే ముందుగా తగిలేది పిల్లకే. కరెంటు తీగకు చిక్కుకున్న గాలిపటాన్ని ఇనుప కడ్డీతోనో, పచ్చి వెదురుతోనో లాగవద్దు.

ఊళ్ళో తిరగడానికి బండి వాడుతారు కనుక ఇది కూడా గమనించండి. 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలులో ఉన్న కేంద్ర నియమం ప్రకారం నాలుగేళ్ళ లోపు పిల్లలను బండి మీద తీసుకువెళితే నడిపేవారికి బిడ్డను కట్టి ఉంచే పట్టీ ఉండాలి, తొమ్మిది నెలలు దాటిన బిడ్డ తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. నిజం చెప్పాలంటే, పది నెలల బిడ్డతో బండి ఎక్కకపోవడమే నా మాట.

కోడిపందేల బరి దగ్గరికి పిల్లలను భుజాన ఎక్కించుకుని వెళ్ళే తండ్రులను ఏటా చూస్తున్నాను. చట్ట విరుద్ధమన్న సంగతి అటుంచి, కాలికి కత్తి కట్టిన పుంజు జనంలోకి ఎగిరితే ఎవరూ ఆపలేరు. దానికి బదులు గంగిరెద్దును చూపించండి, హరిదాసు పాత్రలో పాప చేతితోనే బియ్యం పోయించండి. తిరుగు ప్రయాణంలో ఓపిక ఉంటే మరొక రోజు కొండపల్లికి వెళ్ళి తెల్లపొణికి చెక్కతో బొమ్మలు చెక్కడం చూపించండి. పాపకు అది నచ్చుతుంది, కానీ కొన్న బొమ్మ బాబుకు అందనంత ఎత్తులో ఉండాలి, రంగులు చప్పరించడానికి కాదు, అతికించిన చిన్న ముక్కలు ఊడి వస్తాయి.

జవాబు 4 (విజయవాడ)

ఇంత భయపడితే పండుగ ఎలా చేసుకుంటారు? మా అందరికీ శనగలే పోశారు, మేము పెద్దవాళ్ళం కాలేదా?

జవాబు 5 (పిల్లల వార్డులో నర్సు, గుంటూరు)

అయ్యారు, సంతోషం. గొంతులో గింజ ఇరుక్కున్న పిల్లలు ఈ మాట అనడానికి ఇక్కడికి రాలేరు. ఒక్క శనగలే కదా మానమన్నాము, పండుగను కాదు. పై పెద్దావిడ మంట గురించి చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఎక్కడైనా కాలితే వెంటనే ధారగా పడే మామూలు నీళ్ళ కింద 20 నిమిషాలు ఉంచండి, గాజులు, మొలతాడు వంటివి వాచేలోగా తీసివేయండి. ఐసు, టూత్‌పేస్టు, సిరా, పేడ ఏదీ రాయవద్దు. ముఖం, చేతులు, కీళ్ళ దగ్గర కాలినా, బిడ్డ అరచేయి కంటే పెద్ద గాయమైనా ఆసుపత్రికి వెళ్ళాలి.

ప్రశ్న అడిగినవారు (పటమట, విజయవాడ)

అందరికీ ధన్యవాదాలు. నిన్న ఫోనులో మా వారు అత్తగారితో మాట్లాడారు. తల మీద దొర్లిన పండు తినకూడదన్న మాట ఎత్తగానే ఆమె "ఆ సంగతి నాకు తెలియదా, మీకే తెలియదు" అన్నారట. శనగలు లేవు, బాబుకు రేకులు, అక్షింతలు, ఐదు రేగుపళ్ళు పళ్ళెంలో. నాణేలు మాత్రం మా మామగారు తన చేతితోనే పోస్తానని పట్టుబట్టారు, చివరికి పాపకు మాత్రమే పోసేటట్లు ఒప్పందం కుదిరింది, అవి ఎన్నో లెక్కపెట్టి పోసి, లెక్కపెట్టి ఏరుకోవాలి. దుప్పటి ఎత్తే పని మా వారిది, బాబును ఎత్తుకుని లోపలికి వెళ్ళే పని మా ఆడపడుచుది. బూడిద మీద నీళ్ళు పోసే పని నేనే తీసుకున్నాను. గాలిపటానికి మా ఊరి బడి ఆటస్థలం తాళం ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కోవాలి.