1972 డాట్సన్ 240జెడ్‌కి ముందు అద్దం మార్చాలి: షాపుకి ఇవ్వాలా, ఇంట్లో వేసుకోవచ్చా?

ప్లేనో జెడ్:
అందరికీ నమస్కారం. నేను టెక్సాస్‌లో ఉంటాను. నా దగ్గర 1972 డాట్సన్ 240జెడ్ ఉంది, శని ఆదివారాల్లో మాత్రమే బయటికి తీస్తాను. మొన్న హైవే మీద ముందు ట్రక్కు నుంచి రాయి ఎగిరొచ్చి అద్దానికి తగిలింది. మొదట చిన్న చుక్కే. ఎండలో నిలబెట్టేసరికి అది గీతగా సాగి పక్క అంచు దాకా పోయింది.

గ్లాస్ షాపులకి ఫోన్ చేశాను. ఒకరు పాత బండ్లు చేయమన్నారు. ఇంకొకరు "రబ్బరు తీసేసి యురెథేన్ గమ్‌తో అతికించేస్తాం, కొత్త బండ్లన్నీ అలాగే కదా" అన్నారు. అలా చేయించుకోవచ్చా? రెజిన్ అనే పారదర్శక జిగురు పోయిస్తే ఈ పగులు ఆగుతుందా? ఇంకో సంగతి, వాన పడితే కుడివైపు కార్పెట్ తడుస్తోంది. అద్దం మారిస్తే అది కూడా పోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఫ్రీమాంట్ గ్యారేజ్:
రెజిన్ సంగతి ముందు చెప్పేస్తా. అంచుకి చేరిన పగులుకి రెజిన్ పనికిరాదు, అద్దం మార్చాల్సిందే. చిన్న చుక్కగా ఉన్నప్పుడే, ఇంకా దుమ్మూ నీళ్లూ చేరకముందే పోయిస్తే నిలబడుతుంది.

యురెథేన్ వద్దు. మీ బండి అద్దం గమ్ మీద లేదు. బాడీకి చుట్టూ రేకు అంచు ఉంటుంది. రబ్బరుకి రెండు గాళ్లు ఉంటాయి, ఒకదాంట్లో ఆ రేకు అంచు, ఇంకోదాంట్లో అద్దం కూర్చుంటాయి. రబ్బరు బయటి ముఖం మీదున్న సన్నని గాడిలో ఆ మెరిసే స్టీల్ ట్రిమ్ దిగుతుంది. అద్దానికీ రేకుకీ మధ్య ఎంత ఖాళీ ఉండాలన్నది ఆ రబ్బరు మందాన్ని బట్టే పెట్టారు. రబ్బరు తీసేసి గమ్ పెడితే అద్దం సరిగ్గా కూర్చోదు, ట్రిమ్‌కి చోటుండదు, మళ్లీ ఎప్పుడైనా తీయాలంటే పెయింట్ ఊడొస్తుంది. షాపువాళ్లు చెప్పిన పద్ధతి తప్పని కాదు, అది ఈ బండిది కాదు.

ఇప్పుడు అసలు మాట. అద్దం ఆర్డర్ పెట్టే తొందరలో ఉన్నారని అర్థమవుతోంది, కానీ మీ బండికి ఈ పనిలో అద్దం చిన్న భాగం. రబ్బరు కింద ఉన్న రేకే పెద్దది. ఈ కార్లు 1969 చివర్లో అమెరికాలో అమ్మకానికి వచ్చాయి, 1973 దాకా తయారయ్యాయి. యాభై ఏళ్లు దాటిన రబ్బరు గట్టిపడి, కుంచించుకుపోయి, కింది రెండు మూలల్లో నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది. పైనుంచి చూస్తే పెయింట్ బాగానే ఉంటుంది. తీశాక చూస్తే తుప్పు. కాబట్టి "శనివారం పొద్దున తీసి సాయంత్రం బిగించేద్దాం" అని లెక్క వేసుకోకండి. తీయడం ఒక పని, బిగించడం వేరే పని, మధ్యలో రేకు ఎంత టైం అడిగితే అంత ఇవ్వాలి.

కార్పెట్ తడి అద్దం వల్లే అనుకోవద్దు. వైపర్ల దగ్గరున్న కౌల్ ప్యానెల్ విప్పదీయడానికి వస్తుంది. దాని కింద పడ్డ వాన నీళ్లు రెండు పక్కలకీ పోయి ముందు ఫెండర్ల వెనక నుంచి కిందికి దిగాలి. అక్కడ ఆకులూ మట్టీ పేరుకుంటే నీళ్లు నిలిచి లోపలికి వస్తాయి. ఒకరు టార్చి పట్టుకుని డాష్ కింద పడుకోండి. ఇంకొకరు మగ్గుతో ముందు కౌల్‌లో మాత్రమే నీళ్లు పోయండి, అద్దం తడపకుండా. కారితే కారణం అదే. కారకపోతే అప్పుడు అద్దం మీద పోసి చూడండి. అద్దం తీయకముందే చేయాలి ఇది, తీశాక తేడా తెలియదు.

ఆటోనగర్ అబ్బాయి:
పై అన్నయ్య చెప్పింది అక్షరాలా నిజం. మా నాన్నది విజయవాడ ఆటోనగర్‌లో అద్దాలు బిగించే పని. అంబాసిడర్, పద్మిని అన్నీ ఇదే పద్ధతి, బీడింగ్ రబ్బరూ తాడూ. చిన్నప్పటి నుంచి తాడు లాగినవాణ్ణి కాబట్టి ఆ భాగం నేను చెప్తాను.

తీయడం: ముందు డాష్ మీద మందపాటి దుప్పటి వేయండి. దానికంటే ముందు డీఫ్రాస్టర్ (అద్దం మీది మంచు పోగొట్టేది) గాలి వచ్చే సందులన్నీ టేపుతో మూసేయండి. ఇది చాలామంది చేయరు. గాజు నలుసులు అందులో పడితే తర్వాత ఫ్యాన్ వేసినప్పుడల్లా మొహం మీదికే. వైపర్ ఆర్మ్‌లు ఎక్కడ ఆగి ఉన్నాయో అద్దం మీద, బాడీ మీద టేపు ముక్కతో గుర్తు పెట్టి విప్పండి. తర్వాత ట్రిమ్. ఇనుప స్క్రూడ్రైవర్ వద్దు, ప్లాస్టిక్ పట్టీతో కొంచెం కొంచెం లేపుతూ పొడుగునా రండి. ఒకేచోట లాగితే వంగుతుంది. వంగిన ట్రిమ్‌ని మళ్లీ సాపు చేయడం అద్దం బిగించడం కంటే కష్టం, బాగున్న పాతది దొరకడం ఇంకా కష్టం.

రబ్బరు ఎలాగూ కొత్తది వేస్తారు కాబట్టి పాతదాన్ని కాపాడక్కర్లేదు. బయటి పెదవిని కత్తితో చుట్టూ కోసేయండి. అప్పుడు లోపలి నుంచి ఒకరు అరచేతులతో నెమ్మదిగా తోస్తే బయట ఇద్దరు పట్టుకోవచ్చు. లోపల పడుకుని కాళ్లతో తన్నేవాళ్లని చూశాను, ఆ పని చేయకండి. పగిలిన అద్దమే కదా అనుకుంటారు, కానీ అది రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం. విడిపోదు, వంగి నలుసులు చిమ్ముతుంది. చేతులకి తొడుగులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి.

ప్లేనో జెడ్:
చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. కౌల్‌లో నీళ్లు పోసి చూశాం. అక్కడి నుంచే కారుతోంది! విప్పితే కుడి పక్క మూల నిండా ఓక్ ఆకుల మన్ను. అది తీసేశాక తడి ఆగింది. అద్దం ఎలాగూ మార్చాలి కాబట్టి వచ్చే శనివారం తీస్తున్నాం. కొత్తది కొనేటప్పుడు ఏం చూడాలి?

ఫ్రీమాంట్ గ్యారేజ్:
మూలలో ఏఎస్1 అనే ముద్ర ఉండాలి. ఈ దేశంలో ముందు అద్దానికి ఉండాల్సిన గుర్తు అదే. పైన నీలం పట్టీ ఉన్నవీ లేనివీ దొరుకుతాయి, అది మీ ఇష్టం. డెలివరీ తీసుకునేటప్పుడు పెట్టె విప్పి అంచులు వేలితో కాదు, కంటితో దగ్గరగా చూడండి. అంచున చిన్న పెచ్చు లేచినా బిగించేటప్పుడు అక్కడి నుంచే చీలుతుంది. దాచేటప్పుడు నిలువుగా, కింద దుప్పటి వేసి ఆనించండి. కాంక్రీటు మీద మూల ఆనితే చాలు, పని అయిపోయినట్టే. రబ్బరు కొత్తది కొనండి, పాతది శుభ్రం చేసి వాడదామన్న ఆలోచనే వద్దు. ఆర్డర్‌లో బండి సంవత్సరం రాయడం మర్చిపోకండి.

ఇన్సూరెన్స్‌లో కాంప్రహెన్సివ్ (గుద్దుకోవడం కాకుండా రాయి తగలడం, దొంగతనం లాంటి వాటికి వర్తించే భాగం) ఉంటే ఒకసారి అడగండి. ఫ్లోరిడా, కెంటకీ, సౌత్ కరోలినాలో అది ఉన్నవాళ్లకి ముందు అద్దానికి డిడక్టిబుల్ (మన జేబులోంచి కట్టాల్సిన వాటా) ఉండదు. టెక్సాస్‌లో అలా లేదు, మీ పాలసీ ఏం చెప్తే అదే. రిజిస్ట్రేషన్ స్టిక్కర్ పాత అద్దంతో పోతుంది, కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో మార్పిడి స్టిక్కర్ ఇస్తారు.

మియాటా మావయ్య:
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. నాది 1994 మాజ్దా మియాటా కారు. నాకూ అద్దం మార్చాలి. ఇదే తాడు పద్ధతేనా?

ఫ్రీమాంట్ గ్యారేజ్:
కాదండీ, మీది గమ్ మీద కూర్చున్న అద్దం. 1994 నుంచి మీ బండికి ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ కూడా ఉంది. అద్దం ఊడకుండా నిలబడటం మనిషి ప్రాణానికి సంబంధించిన విషయం. మీరు మాత్రం మంచి షాపుకే ఇవ్వండి. రెండు ప్రశ్నలు అడగండి. పాత గమ్‌ని రేకు దాకా గీకేస్తారా, పలుచని పొర ఉంచి దాని మీద కొత్తది వేస్తారా? గట్టిగా పట్టి ఉన్న పాత గమ్ అయితే పలుచని పొర ఉంచడమే మంచి పద్ధతి. గీతలు పడ్డచోట ప్రైమర్ వేస్తారా? జవాబు తడబడితే ఇంకో షాపు చూసుకోండి. పని అయ్యాక ఎన్ని గంటల దాకా నడపకూడదో వాళ్లు చెప్తారు. ఆ గమ్ రకాన్ని బట్టీ వాతావరణాన్ని బట్టీ మారుతుంది, ఎంత చెప్తే అంత ఆగండి.

ప్లేనో జెడ్:
అద్దం తీశాం. మీరు భయపెట్టినంతా ఉంది. కింద ఎడమ మూలలో రేకు అంచు వేలితో నొక్కితే రాలుతోంది, చిటికెన వేలి గోరంత రంధ్రాలు. కుడి మూలలో పైపైన తుప్పు మాత్రమే. మా పక్కింటాయన బాడీ ఫిల్లర్‌తో పూడ్చేసి పైన సిలికాన్ పట్టిస్తే చాలంటున్నాడు.

ఫ్రీమాంట్ గ్యారేజ్:
రెండూ వద్దు. ఆ అంచు మీదే రబ్బరు పట్టు ఉంటుంది. ఫిల్లర్ అక్కడ పగులుతుంది, పగుల్లోంచి నీళ్లు దిగుతాయి. ఇక సిలికాన్. పుల్లగా వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, రేకుని అదే తినేస్తుంది. పైగా సిలికాన్ తగిలినచోట తర్వాత పెయింట్ పట్టదు.

ఎడమ మూల కుళ్లిన రేకు మంచి రేకు వచ్చేదాకా కోసేసి, కొత్త ముక్క వెల్డింగ్ చేయించండి. ఇది మీరు రోజూ చేసే పని కాకపోతే బాడీ షాపుకి ట్రైలర్ మీద పంపండి. వాళ్లకి ఒక్క మాట గట్టిగా చెప్పండి: అంచు మందం చుట్టూ ఒకేలా ఉండాలి. పాత రేకు మీద కొత్త రేకు ఎక్కించి వెల్డ్ చేస్తే అక్కడ రబ్బరు గాడి పట్టదు, లేదా పట్టి ఉబ్బుతుంది. వెల్డ్‌ని సమంగా గ్రైండ్ చేశాక, పెయింట్‌కి ముందే, రబ్బరుతో అద్దాన్ని ఒకసారి ఆనించి చూసుకోండి.

కుడి మూలని మెరిసే రేకు వచ్చేదాకా శుభ్రం చేసి, ఎపాక్సీ ప్రైమర్, దాని మీద పెయింట్. పూర్తిగా ఆరనివ్వండి. చేతికి ఆరినట్టు అనిపించినా లోపల మెత్తగా ఉంటే తాడు రాసుకుని పొర లేచిపోతుంది. డాష్ మీద ఎడమ పక్కనున్న విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) పలకకి టేపు వేసి ఉంచండి, పెయింట్ చుక్క కూడా పడకూడదు.

ఆటోనగర్ అబ్బాయి:
బిగించే రోజు కోసం ఇప్పుడే రాసి పెడుతున్నా.

కొత్త రబ్బరు పెట్టెలో మడతలు పడి వస్తుంది. ఎండలో పరిచి మెత్తబడనివ్వండి. మీ టెక్సాస్ ఎండ దీనికి వరం. బల్ల మీద దుప్పటి వేసి, అద్దానికి రబ్బరు తొడిగి, ట్రిమ్ కూడా అక్కడే ఎక్కించేయండి. బండి మీద పెట్టాక ట్రిమ్ ఎక్కించాలంటే నరకం.

తర్వాత మూడు నాలుగు మిల్లీమీటర్ల నున్నటి నైలాన్ తాడు. రేకు పట్టే గాడిలో చుట్టూ కూర్చండి. రెండు కొసలూ కింద మధ్యలో ఒకదాని మీదుగా ఒకటి ఓ జానెడు దాటి లోపలికి వేలాడాలి. గాడికీ రేకు అంచుకీ సబ్బు నీళ్లు ధారాళంగా పట్టించండి. ఇద్దరు బయట నుంచి అద్దాన్ని సరిగ్గా మధ్యకి చూసి ఆనించాలి. ఇక్కడ ఆదరాబాదరా పడకండి, అద్దం ఒక పక్కకి జరిగి ఉంటే రెండో పక్క ఎంత లాగినా పెదవి ఎక్కదు.

లోపలి మనిషి ఒక కొస పట్టుకుని అద్దం మధ్య వైపుకి, అద్దానికి దగ్గరగా లాగాలి. తాడు వచ్చినకొద్దీ రబ్బరు పెదవి రేకు దాటి లోపలికి తిరుగుతుంది, శెనక్కాయ తొక్క తెరుచుకున్నట్టు. తాడు ఎక్కడ వస్తుందో బయటివాళ్లు సరిగ్గా అక్కడే అరచేత్తో అదమాలి. కింద మధ్య నుంచి మొదలుపెట్టి ఒక మూల దాకా, మళ్లీ రెండో కొసతో రెండో మూల దాకా, తర్వాత పక్కలు, ఆఖరున పైభాగం. ఎక్కడైనా బిగిస్తే బలం పెట్టకండి. ఆపి, సబ్బు నీళ్లు పోసి, ప్లాస్టిక్ పట్టీతో పెదవిని సర్ది మళ్లీ లాగండి. పిడికిలితో మాత్రం గుద్దొద్దు.

ప్లేనో జెడ్:
బాడీ షాపు పని బాగా చేశారు. నిన్న బిగించాం, పగుళ్లు లేవు! పై మూల దగ్గర మాత్రం పైపుతో నీళ్లు పడితే ఒక చుక్క లోపలికి వస్తోంది.

ఆటోనగర్ అబ్బాయి:
శుభం బ్రదర్! ఆ చుక్కకి కంగారు పడొద్దు. కొన్నాళ్లు ఎండలో ఉంటే రబ్బరు సర్దుకుంటుంది. అప్పటికీ వస్తే బయటి పెదవి కొంచెం లేపి, గట్టిపడని నల్ల సీలెంట్, రబ్బరు అద్దాల కోసమే అమ్మేది, సన్నగా పట్టించండి. నీళ్లు పట్టి చూసేటప్పుడు కింది నుంచి పైకి రండి. పైనుంచి పోస్తే ఎక్కడ దిగుతుందో తెలియదు. ప్రెషర్ వాషర్ మాత్రం ఆ అద్దం దరిదాపులకి తీసుకెళ్లకండి. పాత వైపర్ బ్లేడ్లు కూడా మార్చేయండి, కొత్త అద్దం మీద మొదటి గీత వాటివల్లే పడుతుంది.