పాడిందే పాటరా? పాడిందే పాడరా?

చిలకకొయ్య: సంక్రాంతికి మా వీధిలోకి హరిదాసు వచ్చినప్పుడు తీసిన వీడియోలోంచి నాలుగు సెకన్ల ముక్క కోసి జిఫ్ చేశాను. ఆయన వంగుతాడు, మా మేనకోడలు దోసెడు బియ్యం పోస్తుంది, లేస్తాడు, మళ్ళీ వంగుతాడు. ఎంతకీ ఆ పాత్ర నిండదు. కింద సామెత రాద్దామని కూర్చుంటే రెండో మాట దగ్గరే ఆగిపోయాను. 'పాడిందే పాటరా పాచిపళ్ళ దాసరీ'నా, 'పాడిందే పాడరా'నా? అమ్మ ఒకలా అంటుంది, అత్తయ్య ఇంకోలా. ఇంకో సంగతి, అసలు వీడియో ఆరు ఎంబీ అయితే జిఫ్ ఇరవై రెండు అయింది. ఇదేం లెక్క?

అరసున్న: పాడరా. వెక్కిరింపంతా ఆ విధిలోనే, అంటే ఆజ్ఞాపించే ఆ క్రియారూపంలోనే ఉంది. పాడిందే పాడు, నీకింకేం వచ్చు అని. 'పాటరా' అన్నాక ఎత్తిపొడుపు ఎక్కడిది? 'ఆడింది ఆట, పాడింది పాట' వచ్చి దీని మీద పడింది. అది అడ్డూ అదుపూ లేనివాడి గురించి, ఇది వేరే సరుకు లేనివాడి గురించి.

గోదారిగట్టు: మా తాతగారి నోట 'పాటరా, దాసరా' అనే విన్నాను. ప్రాస చూడండి, ఎంత హాయిగా ఉందో.

అరసున్న: 'పాడరా'లోనూ రా ఉంది కదండీ. రెండూ గురువు, లఘువు, గురువే. ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు. ఇక దాసరికి సంబోధన దాసరీ. దాసరా ఎక్కడిది?

గోదారిగట్టు: జనం నోటికి వ్యాకరణం నేర్పుతారా?

ఓరుగల్లు: మీరిద్దరు ట, డ పట్టుకుని పాచిని వదిలేసిన్రు. మా దిక్కు 'పాచిపండ్ల' అంటం. పాచిపని అంటే పొద్దున్నే చేసే ఊడ్పు, చల్లుడు. దాసరి కూడా పొద్దు పొడవకముందే ఊరి మీద పడతడు, పండ్లు తోముకునే తీరిక ఏది? నా లెక్కల అది తిట్టు కాదు, టైము.

అరసున్న: ఊహ ముచ్చటగా ఉంది. కానీ స్నానం చేసి నామం పెట్టుకోకుండా గడప దాటని మనిషి పాచినోటితో హరినామం అంటాడా?

ఓరుగల్లు: సామెత కట్టింది దాసరి కాదు కదా, నిద్ర చెడినోడు.

పిక్సెల్‌పంతులు: జిఫ్ ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి చెబుతున్నాను. కదలికను పోల్చుకుని క్లుప్తంగా దాచుకునే తెలివి వీడియోకు ఉంది. జిఫ్ 1987 నాటి సరుకు, దానికి ప్రతి ఫ్రేమూ దాదాపు ఓ కొత్త బొమ్మే. వెడల్పు 480 పిక్సెల్‌లకు, సెకనుకు 12 ఫ్రేములకు దించండి. ఫ్రేముకు 256 రంగులే పడతాయి, అందుకే రంగుల పట్టికను ఆ క్లిప్పులోంచే తీయించాలి. వీడియోలు మార్చే సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో అయితే పట్టిక తయారుచేసే పాలెట్‌జెన్, ఆ తర్వాత దాన్ని వాడే పాలెట్‌యూజ్. లేకపోతే ఆయన కాషాయం పంచె చుక్కలు చుక్కలుగా విరుగుతుంది. ఇక అతుకు కనబడకూడదంటే వంగడం మొదలయ్యే చోట కోసి, సరిగ్గా అదే భంగిమ మళ్ళీ వచ్చే చోట ఆపండి. వాట్సాప్ కోసమే అయితే ఇంత తంటా వద్దు. ఆరు సెకన్ల లోపు కత్తిరిస్తే జిఫ్ మీట అదే చూపిస్తుంది, నిజానికి అవతలికి పోయేది శబ్దం తీసేసిన వీడియోనే.

గోదారిగట్టు: జిఫ్ ఏమిటండీ, గిఫ్. దాని పూర్తి పేరులో మొదటి మాట గ్రాఫిక్స్ కదా.

పిక్సెల్‌పంతులు: చేసినాయన స్టీవ్ విల్‌హైట్ 2013లో ఇంటర్నెట్ రంగంలో ఇచ్చే వెబీ అవార్డు తీసుకుంటూ 'జిఫ్' అని తెర మీదే చూపించాడు. అదీ జిఫ్ రూపంలోనే.

అరసున్న: కన్నవాడు పెట్టిన పేరు మనమెందుకు మార్చాలి? పైగా ఇకారం ముందు మన జ ఎలాగూ తాలవ్యమే, జిలేబీలో జ లాగా, నోటికి ఇబ్బంది లేదు.

గోదారిగట్టు: సరే, మీదే గెలుపు. కానీ చెప్పిందే చెప్పడం అంత వెక్కిరించాల్సిన పనా? వేమన పద్యం పద్యానికీ అదే మకుటం వేశాడు, ఎవరికైనా విసుగొచ్చిందా? నాకైతే 'వినురవేమ' దగ్గరికి వచ్చేసరికి ఇంటికి చేరినట్టుంటుంది.

అరసున్న: 'వినర' అనే పాఠం కూడా వినబడుతుంది. విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. అయిదూ సూర్యగణాలే, అంటే గురువూ లఘువూ గానీ, మూడు లఘువులు గానీ. 'వినర' అన్నా మూడు లఘువులే కాబట్టి ఆటవెలది చెడదు. నా ఓటు మాత్రం వినురకే, ఆ ఉకారంలో బుజ్జగింపు ఉంది.

గోదారిగట్టు: మళ్ళీ ఒక్క అక్షరమేనా! అసలు అభిరాముడు వేమన స్నేహితుడైన కంసాలి అన్న కథను నమ్ముతారా లేదా, అది చెప్పండి ముందు.

అరసున్న: కథగా వింటాను. 'విశ్వద'ను కూడా మనిషిని చేసేస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.

చిలకకొయ్య: పంతులు గారూ, మూడు ఎంబీకి దిగింది. పంచె కూడా బాగానే వచ్చింది. అతుకు దగ్గర మాత్రం బియ్యం గింజలు నాలుగు గాల్లోనే మాయమవుతున్నాయి. కింద ఇంకా ఏమీ రాయలేదు. అయినా జిఫ్‌లో పాట వినబడదు కదా, అసలు 'పాడిందే' అనొచ్చా?

అరసున్న: అయితే 'వంగిందే వంగరా' అని రాయండి. చూశారా, విధి ఎంత బాగా అమరిందో.

ఓరుగల్లు: పాచిపండ్ల సంగతి ఇంకా తేలలె.